ఏమీ అమ్మని ప్రకటన

మా మోపిదేవిలో గోడల మీద ప్రకటనలకి ఎప్పుడూ కొదవ లేదు. సిమెంటు, పురుగుమందులు, ఇంటర్మీడియెట్ కాలేజీలు, నాగులచవితి వచ్చిందంటే గుడి దారి పొడుగునా ఫ్లెక్సీలు. వీటితో ఎవరికీ పేచీ లేదు. ఆ ప్రకటన మన నుంచి ఏం కోరుతోందో చదవగానే తెలిసిపోతుంది. మా బస్తా కొనండి, మా మందు కొట్టండి, మీ పిల్లని మా కాలేజీలో చేర్చండి, అంతే. నచ్చితే కొంటాం. నచ్చకపోతే ఆ గోడ మీదే పిడకలు కొడతాం.

ఇంకో రకం ప్రకటనలున్నాయి. అవి ఏమీ అమ్మవు. ధర ఉండదు, తగ్గింపు ఉండదు, దుకాణం చిరునామా ఉండదు. పేపర్లో పేజీ నిండా పెద్ద అక్షరాలతో "మేము మంచివాళ్ళం, మీ మేలు కోరేవాళ్ళం" అన్న అర్థం వచ్చేలా నాలుగు ముక్కలుంటాయి. నేను ఆగి చదివేది ఇలాంటివాటినే. ఎవరూ అడక్కుండానే పిల్లవాడు వంటింట్లోకొచ్చి "అమ్మా, నేను బెల్లం డబ్బాలో చెయ్యి పెట్టలేదు" అన్నాడంటే, తల్లి ముందు చేసే పని ఆ డబ్బా మూత తీసి చూడడమే కదా!

ఈ పదేళ్ళలో మన దేశంలో ఇలా "బెల్లం తినలేదు" ప్రకటనలు ఎక్కువగా ఇచ్చిన కంపెనీ ఏదంటే నాకు ముందు గుర్తొచ్చేది ఫేస్‌బుక్. ఇప్పుడు దాని పేరు మెటా. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ కూడా దాని ఇంటివే. "ఇల్లు చక్కబెట్టుకోక అమెరికా కంపెనీ మంచిచెడ్డలు నీకెందుకమ్మా?" అనే వాళ్ళుంటారు. ఎందుకంటే ఆ కంపెనీ మా ఇంట్లోనే ఉంది కనక. మావారి ఎరువుల లెక్క దాంట్లోనే వస్తుంది. దూరాన ఉన్న మనవడి మొహం మా అత్తగారు చూసుకునేది దాంట్లోనే. 2025 జనవరి 30 నుంచి ప్రభుత్వ కాగితాలు కూడా దాంట్లోకే వస్తున్నాయి. ఇంత లోపలిదాకా వచ్చినవాళ్ళ గుణగణాలు విచారించడం ఇల్లాలి పని కాకపోతే మరెవరి పని?

ముందు ఒక తమాషా సంగతి. ఈ కంపెనీ బతికేదే ప్రకటనల మీద. దాని ఆదాయంలో నూటికి తొంభై ఏడు రూపాయలకు పైగా ప్రకటనలు అమ్మితే వచ్చినవే. ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారు, ఏ వయసువాళ్ళు, ఏం ఇష్టపడతారు అన్నది లెక్కకట్టి, సరైన మనిషి కంటికి సరైన ప్రకటన చూపించగలం అన్నది వాళ్ళు వ్యాపారులకు చెప్పే మాట. అలాంటి కంపెనీ, తన పేరుకి మచ్చ పడ్డప్పుడల్లా ఎక్కడికి పరిగెత్తిందో చూడండి. పాత కాలపు దినపత్రిక దగ్గరికి! 2018 మార్చిలో కేంబ్రిడ్జ్ ఎనలిటికా గొడవ బయటపడి, కోట్లమంది వివరాలు వాళ్ళకి తెలియకుండా వేరేవాళ్ళ చేతికి వెళ్ళాయని తేలినప్పుడు, మార్చి 25న మార్క్ జుకర్‌బర్గ్ సంతకంతో క్షమాపణ అచ్చయింది బ్రిటన్, అమెరికా దినపత్రికల్లో, పేజీ నిండా. మిఠాయికొట్టు యజమాని తన ఇంట్లో పెళ్ళికి పక్క ఊరి కొట్టునుంచి లడ్డూలు తెప్పించుకున్నట్టు లేదూ? నమ్మకం కావలసి వచ్చినప్పుడు మనుషులు ఏది నమ్ముతారో ఆ కంపెనీకీ తెలుసన్నమాట.

ఇక మన దేశం సంగతి. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అనే పథకం మొదలుపెట్టింది. మొదట అమలైన ప్రాంతాల్లో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. డేటా డబ్బులు లేకుండా కొన్ని వెబ్‌సైట్లు ఉచితంగా చూసుకోవచ్చు. ఏ వెబ్‌సైట్లంటే, వాళ్ళ నియమాలకు ఒప్పుకుని లోపలికొచ్చినవి. ఆ ఏడు సెప్టెంబరులో దాని పేరు ఫ్రీ బేసిక్స్ అని మార్చారు. డిసెంబరు 9న ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, ఇలా కొన్ని వెబ్‌సైట్లకి ఒక ధర, మిగతావాటికి ఇంకో ధర పెట్టడం న్యాయమేనా అని జనాన్ని అడిగింది.

అక్కడ మొదలైంది ప్రకటనల జాతర. దినపత్రికల్లో పేజీలకి పేజీలు, నగరాల్లో హోర్డింగులు, మిస్డ్ కాల్ ఇవ్వమని నంబర్లు. ఫేస్‌బుక్ తెరిస్తే చాలు, ట్రాయ్‌కి పంపాల్సిన ఉత్తరం రాసి సిద్ధంగా ఉండేది, వేలితో నొక్కడమే తరువాయి. డిసెంబరు 28న టైమ్స్ ఆఫ్ ఇండియాలో జుకర్‌బర్గ్ స్వయంగా వ్యాసం రాశాడు. అందులో ఒక మహారాష్ట్ర రైతు కథ చెప్పాడు. ఆ రైతు ఫ్రీ బేసిక్స్‌లో వాతావరణం చూసుకుంటున్నాడు, పంట ధరలు చూసుకుంటున్నాడు, అలాంటి మనిషికి ఇది అందకుండా చేస్తారా అని.

రైతు కుటుంబంలో ఉన్నదాన్ని కనక ఆ రైతు గురించి ఒక మాట అంటాను. వాతావరణం మాకు ప్రాణంతో సమానం. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ వేలమందిని పోగొట్టుకుంది. హెచ్చరిక అందాల్సినవాళ్ళకి అందాల్సినట్టు అందలేదన్న బాధ ఇప్పటికీ ఇక్కడి పెద్దవాళ్ళ మాటల్లో వినపడుతుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వదిలినప్పుడు మా లంకల వాళ్ళు కంటిమీద కునుకు లేకుండా చూసుకున్నది ఫోన్లే. కనక రైతుకి ఇంటర్నెట్ కావాలన్న మాటలో అబద్ధం లేదు. కానీ రైతుకి కావలసింది తుఫాను ఎటు వెళుతోందో తనకి నచ్చినచోట, నమ్మకమున్నచోట చూసుకునే వీలు. వాతావరణ శాఖ పటమో, ఇంకొకరి ఉపగ్రహ చిత్రమో, బందరులో ఉన్న బావమరిది పంపిన వీడియోనో. ఫ్రీ బేసిక్స్‌లో వీడియోలకి చోటే లేదు. ఇల్లంతా తిరగడానికి వీల్లేకుండా, మేం చూపించిన గదిలోనే కూర్చోండి, అద్దె వద్దులెండి అన్నట్టుంది ఆ దానం. గుమ్మం ఒక్కటే, ఆ గుమ్మం దగ్గర కాపలావాడు వాళ్ళవాడు.

ట్రాయ్‌కి సుమారు 24 లక్షల అభిప్రాయాలు చేరాయి. అందులో 18 లక్షలకు పైగా ఫ్రీ బేసిక్స్‌ని బలపరుస్తూ ఒకే మూసలో పోసినవి. మేం నాలుగు ప్రశ్నలు అడిగితే వాటికి జవాబు లేదు, ఇదేమన్నా తలలు లెక్కపెట్టే ఓటింగా అన్న ధోరణిలో ట్రాయ్ 2016 జనవరిలో కంపెనీని మందలించింది. ఫిబ్రవరి 8న తీర్పులాంటి నిబంధన వచ్చింది. ఏ వెబ్‌సైటు చూస్తున్నారన్న దాన్నిబట్టి డేటా ధర మార్చకూడదు, మారిస్తే రోజుకి 50 వేల జరిమానా. ఒక్క మినహాయింపు పెట్టారు. పెద్ద ఆపద వచ్చినప్పుడు, అత్యవసర సేవల కోసం ధర తగ్గించవచ్చు. చూశారా, మన తుఫాను సంగతి ఆ నిబంధన రాసినవాళ్ళకి గుర్తుంది! అన్ని పేజీల ప్రకటనల్లో ఎవరూ అడగని సాయం ఆ రెండు వాక్యాల్లో దొరికింది. మూడు నాలుగు రోజుల్లోనే కంపెనీ ఆ పథకాన్ని మన దేశంలో మూసేసుకుంది.

నన్నడిగితే ఆ ఓటమికి కారణం ప్రకటనలు సరిగ్గా లేకపోవడం కాదు. ప్రకటనలు మరీ ఎక్కువగా ఉండడమే. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు అబ్బాయి గుణం గురించి అరగంట పొగిడితే ఆడపిల్ల తల్లికి అనుమానం వస్తుంది. పుణ్యానికి ఇచ్చేవాడు ఇంత ఖర్చుపెట్టి "నన్ను ఇవ్వనివ్వండి" అని బతిమాలుతున్నాడేమిటి అని మామూలు మనిషి అనుకున్నాడు.

రెండో జాతర 2018లో. ఈసారి నవ్వుకునే సంగతి కాదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు, మాటలు ఊరూరా పాకాయి. తెలుగు రాష్ట్రాల్లో పార్థీ గ్యాంగ్ అని పేరుపెట్టారు. ఊరికి కొత్తయితే చాలు, అనుమానమే. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో అయిదుగురు అమాయకుల్ని కొట్టి చంపారు. ప్రభుత్వం గట్టిగా అడిగింది. జులై 10న వాట్సాప్ పేజీ నిండా ప్రకటనలు ఇచ్చింది, ఇంగ్లీషు పత్రికల్లో మొదలుపెట్టి. పుకారుని ఎలా పోల్చుకోవాలో సూత్రాలు చెప్పారు. ఎవరు రాశారో చూసుకోండి, నమ్మశక్యంగా లేనిదాన్ని సరిచూసుకోండి, ఫొటోలని పరీక్షగా చూడండి, ఇలాంటివి.

సూత్రాలు మంచివే. కాదనను. కానీ ఆ పేజీ చదివేదెవరు? పొద్దున్నే కాఫీతో ఇంగ్లీషు పేపరు చదివేవాళ్ళు. రాత్రి పూట కర్ర పట్టుకుని ఊరి పొలిమేరలో కాపలా కాసినవాళ్ళు కాదు.

అదే ఏడు తెలంగాణలో జోగులాంబ గద్వాల జిల్లాలో ఏం జరిగిందో చూడండి. అక్కడి ఎస్పీ రెమా రాజేశ్వరి. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారని ఊళ్ళకి వెళ్ళిన పోలీసులు గమనించారు. ఆరా తీస్తే ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు బయటపడ్డాయి. ఆవిడ పేజీ ప్రకటన ఇవ్వలేదు. ఊరికో పోలీసుని బాధ్యుణ్ణి చేశారు. దండోరా వేయించారు. డప్పు పట్టుకుని పాటగాళ్ళు వెళ్ళి, పుకారు నమ్మితే ఏమవుతుందో ఆ ఊరి యాసలో పాడి చెప్పారు. నాలుగు వందలకు పైగా ఊళ్ళు. ఆ ఊళ్ళల్లో పుకారు మూలంగా మూకదాడిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ప్రకటనకీ దండోరాకీ తేడా ఖర్చులో లేదు. దండోరా వేసినవాణ్ణి మర్నాడు పట్టుకుని అడగవచ్చు. "ఏమయ్యా, నిన్న నువ్వు చెప్పింది నిజమేనా?" అని. ఆ కానిస్టేబులు ఊళ్ళోకి మళ్ళీ వస్తాడు. పేపర్లో పేజీ మర్నాటికి పకోడీ పొట్లం అవుతుంది.

అయితే కంపెనీ ఏమీ చెయ్యలేదని అంటే అన్యాయం. ఆ జులైలోనే మన దేశంలో ఒక సందేశాన్ని అయిదు చోట్లకి మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టింది. తరువాత ప్రపంచమంతటా పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చేతులు మారి మారి వచ్చిన సందేశమైతే ఒకసారికి ఒక్కచోటికే అంది. అలాంటి సందేశాలు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది. నా వాదనంతా ఇక్కడే ఉంది. యంత్రంలో ఒక మర తిప్పితే జరిగిన మేలు అది. ఆ మర ముందునుంచీ వాళ్ళ చేతిలోనే ఉంది. పేజీ ప్రకటన మనకి "మీరు జాగ్రత్తగా ఉండండి" అని చెప్పింది. మర తిప్పడం అంటే "మేం జాగ్రత్తగా ఉంటాం" అనడం. మొదటిది ఎంత అందంగా అచ్చేసినా రెండోదానికి సాటి రాదు.

మూడోసారి, 2020 దీపావళికి ముందు, అచ్చు పేజీ కాదు, ఏడు నిమిషాల సినిమా. పూజా దీదీ అని అమృత్‌సర్‌లో పాలకేంద్రం నడిపే అమ్మాయి. లాక్‌డౌన్‌లో ఉద్యోగాలు పోయినవాళ్ళని ఫేస్‌బుక్‌లో పిలిచి పని ఇస్తుంది. డబ్బు సరిపోక ఇబ్బంది పడుతుంది, చివరికి ఊరు ఊరంతా కొట్టు ముందు వరస కడుతుంది. కన్నీళ్ళు తెప్పించే సినిమా. తీసినవాళ్ళకి నమస్కారం పెట్టాలి. కానీ క్యాలెండరు కూడా చూడాలి. విద్వేషపు మాటల మీద కంపెనీ తన నియమాలని మన దేశంలో అందరికీ ఒకేలా వర్తింపజెయ్యడం లేదని ఆ ఆగస్టులో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. కంపెనీ కాదంది. సెప్టెంబరు 2న పార్లమెంటు స్థాయీ సంఘం పిలిపించి ప్రశ్నించింది. తరువాత రెండు నెలల్లో పూజా దీదీ వచ్చింది. ఒకదానికోసమే ఇంకోటి అని నేను అనడం లేదు, సినిమాలు రాత్రికి రాత్రి తయారు కావు. అడిగినదానికి మాత్రం ఆ సినిమా జవాబు కాదు. అందులో గొప్పతనమంతా ఆ పాలమ్మాయిది. ఫేస్‌బుక్ లేనిరోజుల్లోనూ పదిమందికి అన్నం పెట్టిన ఆడవాళ్ళు ఉన్నారు, మన డొక్కా సీతమ్మగారికి ఏ యాప్ ఉంది?

నాలుగోది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు పంపింది. ఫిబ్రవరి 8 లోగా ఒప్పుకోవాలి, లేకపోతే వాడుకోలేరు. జనం గోల పెట్టారు. వేరే యాప్‌లకి వలస మొదలైంది. జనవరి 13న దినపత్రికల మొదటి పేజీల్లో పెద్ద ప్రకటన వచ్చింది, మీ గోప్యతని మేం గౌరవిస్తాం, మీ సొంత సందేశాలు మేం చదవలేం అని.

ఆ మాట నిజమే. మనం మనవాళ్ళకి పంపుకునే సందేశానికి తాళం ఉంటుంది. కానీ గొడవ సందేశాల గురించి కాదు. వాట్సాప్‌కి తెలిసిన మన వివరాలు కొన్ని ఫేస్‌బుక్ ఇంటికి చేరవేయడం గురించి, వ్యాపార ఖాతాలతో మనం జరిపే సంభాషణల గురించి, ఒప్పుకుంటావా పోతావా అన్న తీరు గురించి. అడిగిన ప్రశ్న ఒకటి, చెప్పిన జవాబు ఇంకొకటి. "బియ్యంలో రాళ్ళున్నాయేమిటి?" అంటే "మా కొట్లో తూకం సరిగ్గా ఉంటుందమ్మా" అన్నట్టు! గడువు మే 15కి జరిపారు. 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ ఆ షరతులు పెట్టిన తీరు తప్పని తేల్చి, మెటాకి 213 కోట్ల 14 లక్షల జరిమానా వేసింది. అప్పీలుకి వెళితే, 2025 నవంబరులో ట్రైబ్యునల్ జరిమానాని నిలబెట్టింది, ప్రకటనల కోసం వివరాలు పంచుకోవడం మీద కమిషన్ పెట్టిన అయిదేళ్ళ నిషేధాన్ని తీసేసింది. అంటే జనవరి ప్రకటనలో లేని జవాబు నాలుగేళ్ళ తరువాత కమిషన్ కాగితాల్లోంచి వచ్చింది.

ఇంత చెప్పాక "మరి వాడడం మానెయ్యి" అంటారు. మానను. వాళ్ళ పేజీ ప్రకటనలని నమ్మకపోయినా వాళ్ళ యాప్ ఉపయోగపడుతుందని నాకు తెలుసు. ఇంట్లోంచి ఆవకాయ అమ్ముకునే ఆడవాళ్ళకి అదే కొట్టు. స్టేటస్‌లో చీర ఫొటో పెడితే సాయంత్రానికి అవనిగడ్డనుంచి అడుగుతారు. పైసా ఖర్చు లేకుండా మా అత్తగారు మనవడితో గంటసేపు మాట్లాడతారు. ఆవిడకి జుకర్‌బర్గ్ పేరు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఉపయోగానికి ధన్యవాదాలు చెప్పుకుందాం. కానీ ఉపయోగం వేరు, నమ్మకం వేరు. పడవ ఎక్కుతాం, ఆవలి ఒడ్డుకి చేరతాం, అలాగని పడవవాడి చేతిలో ఇనప్పెట్టె తాళాలు పెట్టం.

ఇప్పుడు ఆ తాళాల సంగతికే వస్తున్నాను. 2024 అక్టోబరు 22న మన రాష్ట్ర ప్రభుత్వం మెటాతో ఒప్పందం చేసుకుంది. 2025 జనవరి 30న మంత్రి నారా లోకేశ్ "మన మిత్ర" ప్రారంభించారు. 161 సేవలతో మొదలైంది. ధ్రువపత్రాలు, కరెంటు బిల్లులు, బస్సు టిక్కెట్లు, దేవాదాయ సేవలు. ఇంటర్ పిల్లల హాల్‌టిక్కెట్లూ అందులోనే ఇచ్చారు. ఆదాయ ధ్రువపత్రం కోసం పనులు మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. నేను దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

కానీ ఒకటి గమనించండి. పదేళ్ళుగా పేజీలకి పేజీలు కొన్నా దొరకనిది ఆ కంపెనీకి ఇక్కడ దొరికింది. ప్రభుత్వం పేరు! "వాట్సాప్ గవర్నెన్స్" అని ప్రభుత్వమే పిలుస్తోంది, మంత్రులే చెబుతున్నారు. ఇంతకు మించిన ప్రకటన డబ్బుపెట్టి కొనలేరు. మన కాగితం మీద ఉండే ముద్ర విలువలో కొంత ఆ పచ్చగుర్తుకీ అంటుకుంటుంది. ఆ పేరు అరువిచ్చేటప్పుడు, ఊళ్ళో ఎవరికైనా హామీ సంతకం పెట్టేముందు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలు అడగాలి.

ఒకటి. మనం మనవాళ్ళతో మాట్లాడేదానికున్న తాళం, ఇలాంటి పెద్ద ఖాతాలతో మాట్లాడేదానికి అదే తీరున వర్తించదు. అవతలి సంస్థ ఆ సంభాషణని ఎక్కడ దాస్తుంది, ఎవరికి అప్పగిస్తుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కనక మన కులం, ఆదాయం, భూమి వివరాలు ఎక్కడ ఆగుతాయి, ఎన్నాళ్ళుంటాయి అన్నది తేలిక తెలుగులో ప్రభుత్వం ఆ మొదటి సందేశంలోనే చెప్పాలి. అడిగితే చెప్పడం కాదు, అడక్కుండానే.

రెండు. ఇంకో గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉండాలి. గ్రామ సచివాలయంలో మనిషి ఉండాలి. ఫోను లేని ముసలమ్మకి, వాట్సాప్ వద్దనుకున్న మనిషికి కూడా అదే కాగితం అంతే త్వరగా రావాలి. ఫ్రీ బేసిక్స్‌ని ఒకే గుమ్మం పెట్టారని కాదన్న దేశం మనది. ప్రభుత్వ సేవకి ఒకే గుమ్మం పెడితే ఎలా ఒప్పుకుంటాం?

మూడు. కంపెనీని అడగాల్సింది. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని లోపలి పత్రాలు బయటపెట్టింది. తప్పుడు సమాచారాన్ని పట్టుకోవడానికి పెట్టే సమయంలో నూటికి 87 వంతులు అమెరికాకే కేటాయించారని, మిగతా ప్రపంచమంతటికీ 13 అని ఆ పత్రాల ఆధారంగా న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ లెక్క పూర్తిది కాదని కంపెనీ అంది. మన రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లో అయిదింటిలో తమ యంత్రాలకి శిక్షణ ఇచ్చామని అప్పట్లో వాళ్ళే చెప్పారు. సరే, పూర్తి లెక్క ఏమిటి? తెలుగు చదివి, ఇది పుకారు, ఇది బెదిరింపు, ఇది ఆడపిల్ల ఫొటో మీద దుర్మార్గం అని పోల్చుకోగల మనుషులు ఎంతమందిని పెట్టారు? ఫిర్యాదు చేస్తే ఎన్ని గంటల్లో కదులుతారు?

ఈ మూడో ప్రశ్న అడిగేది తల్లిగా. 2024 జనవరి 31న అమెరికా సెనేట్‌లో, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఫొటోలు పట్టుకుని వెనక కూర్చుంటే, జుకర్‌బర్గ్ లేచి వెనక్కి తిరిగి వాళ్ళకి విచారం చెప్పాడు. ఆ ఏడు సెప్టెంబరులో ఇన్‌స్టాగ్రామ్‌లో పిల్లలకి వేరే రకం ఖాతాలు ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో మన దేశానికీ తెచ్చారు. ఖాతా దానంతటదే గోప్యంగా ఉంటుంది, తెలియనివాళ్ళు సందేశం పంపలేరు, రాత్రిపూట మోగదు. మళ్ళీ అదే, మర తిప్పారు. మంచిదే. కానీ ఆ పిల్లల ఫొటోలు అక్కడిదాకా రాకముందే తిప్పి ఉండాల్సింది.

మా ఊళ్ళో పేరు ఎలా వస్తుందో చెబుతాను. మా వీధిలో పాలుపోసే ఆవిడకి బోర్డు లేదు. ఆవిడ పాలు చిక్కగా ఉన్నాయని ఆవిడ ఎప్పుడూ చెప్పదు. కానీ గేదె వట్టిపోయే రోజులొస్తే "ఇవాళ అర్ధలీటరే అమ్మా, నీళ్ళు కలపలేను, ఇంకెక్కడైనా తెప్పించుకోండి" అని ముందే చెబుతుంది. తనకి నష్టమైన నిజాన్ని తనే ముందు చెప్పడం వల్ల వచ్చిన పేరు అది. సుబ్రహ్మణ్యస్వామి గుడికి ఎక్కడెక్కడినుంచో పిల్లల చెవులు కుట్టించడానికి, అన్నప్రాసనకి వస్తారు. వాళ్ళని ఏ హోర్డింగూ పిలవలేదు. వెళ్ళొచ్చినవాళ్ళు చెబితే వచ్చారు.

మెటా వాళ్ళు మళ్ళీ ఎప్పుడో పేజీ నిండా ప్రకటన ఇస్తారు, ఆ రోజు దూరంలో ఉండదు. ఇచ్చేటట్టయితే ఇలా ఇమ్మని నా కోరిక. బొమ్మలొద్దు, నవ్వు మొహాలొద్దు. తెలుగులో పోయినేడు ఇన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఇన్నిటికి ఇన్ని గంటల్లో జవాబిచ్చాం, ఇన్ని మా చేతకాలేదు, వచ్చే ఏడు ఇంతమందిని పెడతాం, మీ వివరాల్లో ఇవి మా దగ్గరున్నాయి, వద్దంటే ఇలా చెరిపేసుకోవచ్చు అని అంకెలు వెయ్యండి. అలాంటి ప్రకటన వచ్చిన రోజు నేను దాన్ని పకోడీలకి వాడను. కత్తిరించి, కరెంటు బిల్లులతో పాటు బీరువాలో దాచిపెడతాను, ఏడాది తిరిగాక లెక్క సరిచూసుకోవడానికి.